కార్డు మీద రెండు తేదీలు

మా పనిలో చేర్చుకునేటప్పుడు ఎవరూ దరఖాస్తు రాయించుకోరు. ఓనరు గారు మిషన్ తాళం చేతికిచ్చి గట్టు మీద నిలబడి చూస్తారు. బకెట్ నేలకి ఎలా దించాడు, తిరిగేటప్పుడు బూమ్ ఊగిందా, అంచుకి ఎంత ఎడంగా చైన్ ఆపాడు అన్నది చూస్తే చాలు, ఆపరేటర్ ఎలాంటివాడో అరగంటలో తేలిపోతుంది. కానీ ఆ సంగతి గట్టు మీద నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది. చూడనివాళ్లకి, అంటే పోలీసులకి, ఇన్సూరెన్సు కంపెనీకి, కోర్టుకి, పక్క రాష్ట్రంలో కొత్త కాంట్రాక్టరుకి, ఈ పని మాకొచ్చని చెప్పేది ఒక్క లైసెన్సే. మాలో చాలామందికి నియామక పత్రం ఉండదు, జీతం చీటీ ఉండదు. నెల జీతం, రోజు బత్తా చేతిలో పెడతారు, ఈమధ్య ఫోన్‌లో వేస్తున్నారు. పదేళ్లు ఒకే ఓనరు దగ్గర చేసినా ఆ మాట రుజువు చేసే కాగితం ముక్క దొరకదు. అలాంటి బతుకులో మా పని ఏమిటో చెబుతూ, మా పేరుతో, మా ఫొటోతో ప్రభుత్వం ఇచ్చే కార్డు ఇదొక్కటి. దాని గడువు దాటనివ్వొద్దని, రెన్యువల్ ఎవరిది వాళ్లే దగ్గరుండి చేసుకోవాలని కనపడ్డ ప్రతి ఆపరేటర్‌కీ చెబుతుంటాను.

నేను పని నేర్చుకున్నది ఆకివీడు, కైకలూరు వైపు చేపల చెరువుల మీద. ఎండాకాలం వచ్చిందంటే అటు చెరువుల తవ్వకాలు, గట్ల మరమ్మతులు, ఇటు డెల్టా కాలువలు కట్టేశాక పూడికతీత. ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపింది మొదలు మళ్లీ జూన్‌లో వదిలేదాకా ఉన్న ఆ కొద్ది వారాల్లోనే మిషన్లన్నీ తిరగాలి. పొద్దున్నే పిన్నులకి గ్రీజు కొట్టి, హైడ్రాలిక్ ఆయిల్ చూసుకుని ఎక్కితే దిగేది చీకటి పడ్డాకే. పని తొందరగా ఉంటే లైట్లు వేసుకుని రాత్రి కూడా తవ్వుతాం. అవర్ మీటర్ తిరిగితేనే ఓనరుకి డబ్బు, కాబట్టి ఆ రోజుల్లో సెలవడగడానికి ఎవరికీ నోరు రాదు. లైసెన్సు గడువు సరిగ్గా మే నెలలో పడ్డవాడు ఏం చేస్తాడు? ఏలూరో భీమవరమో ఆఫీసుకి వెళ్లి లైన్లో నిలబడాలంటే రోజంతా పోతుంది. వానలు పడ్డాక చూద్దాంలే అనుకునేవాళ్లు. వానలు పడ్డాక ఇంకో ఊళ్లో ఇంకో పని. అలా గడువు దాటిపోయి, ఆ తర్వాత భయంతో ఎవరికీ చెప్పకుండా తిరిగినవాళ్లు నాకు బాగా తెలిసినవాళ్లలోనే ఉన్నారు. ఇప్పుడు రాత్రి షెడ్డులో మంచం మీద కూర్చుని ఫోన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మాలాంటి సంచార పనివాళ్లకి ఇది చాలా పెద్ద మేలు. ఆఫీసులో పనిచేసేవాళ్లకి దీని విలువ అంతగా తెలియకపోవచ్చు.

చైన్ మిషన్‌కీ టైర్ల మీద నడిచే జేసీబీకీ మధ్య తేడా మీద మావాళ్లలో చాలా అయోమయం ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో నిర్మాణ యంత్ర వాహనం అంటే ఏమిటో రాసి ఉంది. రబ్బరు టైర్ల మీదో ఇనుప డ్రమ్ము మీదో తనంతట తాను నడుస్తూ, అసలు పని రోడ్డు బయట చేసుకుంటూ, మధ్యమధ్య కొద్దిసేపు రోడ్డెక్కే బండి అది. వేగం గంటకు 50 కిలోమీటర్లు మించకూడదు. లోడర్, బ్యాక్‌హో, రోలర్, గ్రేడర్, మొబైల్ క్రేన్, ఫోర్క్‌లిఫ్టు లాంటివి అందులోకి వస్తాయి, మన జేసీబీ కూడా వాటిలోదే. దాన్ని నాన్-ట్రాన్స్‌పోర్టు వాహనం కింద లెక్కవేస్తారు. సొంతంగా రోడ్డు మీద పోయే ఏర్పాటు లేకుండా గనిలోనో ఫ్యాక్టరీ ఆవరణలోనో తిరిగే యంత్రాలు ఆ నిర్వచనంలోకి రావు. ఇనుప చైన్ల మీద నడిచే మా చైన్ మిషన్ ట్రాలీ ఎక్కి వస్తుంది, పని అయ్యాక ట్రాలీ ఎక్కి పోతుంది. అందుకే దానిమీదే ఏళ్ల తరబడి బతికినవాళ్లు "మనకి లైసెన్సెందుకురా" అంటారు.

ఆ మాట చెరువు గట్టు దాకానే చెల్లుతుంది. పెద్ద కంపెనీ ప్రాజెక్టు గేటు దగ్గర మిషన్ ఏదైనా సరే ముందు లైసెన్సు కాపీ అడుగుతారు. సేఫ్టీ ఆఫీసరు ఫైల్లో పెట్టాకే గేటు పాసు ఇస్తారు. పైగా ఏ ఓనరు దగ్గరైనా రెండు రకాల బండ్లూ ఉంటాయి. ఒకరోజు జేసీబీ ఆపరేటర్ రాకపోతే "కాస్త ఆ సెంటర్ దాకా తీసుకెళ్లి మట్టి ఎత్తి రారా" అంటారు. కాదనలేం. ఆ సెంటర్‌కి పోయే దారిలోనే స్కూలు పిల్లలుంటారు, సైకిళ్లుంటాయి.

ఇంకొందరు కారు లైసెన్సు చాలంటారు. చట్టంలో లైట్ మోటార్ వాహనం అంటే ట్రాన్స్‌పోర్టు బండికైతే లోడుతో కలిపి మొత్తం బరువు, కారు, ట్రాక్టరు లాంటివాటికైతే ఖాళీ బరువు 7500 కిలోలు మించకూడదు. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఆ లైసెన్సు ఉన్నవాళ్లు అంత బరువు దాకా ట్రాన్స్‌పోర్టు బండ్లు కూడా నడపొచ్చని చెప్పింది. ఆ వార్త మా ఫోన్లలో ఎంత తిరిగిందో చెప్పలేను. అది ఆటోలకీ చిన్న గూడ్సు బండ్లకీ సంబంధించిన వివాదం మీద వచ్చిన తీర్పు. మన జేసీబీ బరువు ఏడున్నర టన్నులకు అటూ ఇటూగా ఉంటుంది, మోడల్‌ని బట్టి, తగిలించిన బకెట్‌ని బట్టి మారుతుంది. కాటా మీద వంద కిలోల తేడాకి మన బతుకు వేలాడకూడదు. లైసెన్సుల్లో లోడర్, ఎక్స్‌కవేటర్, హైడ్రాలిక్ యంత్రాలు అని విడిగా ఒక తరగతే ఉంది. క్రేన్‌కి వేరే ఉంది, ఫోర్క్‌లిఫ్టుకి, రోడ్ రోలర్‌కి, బోరింగ్ రిగ్గుకి వేరువేరుగా ఉన్నాయి. నడిపే బండి పేరు కార్డు మీద ఉండాలన్నదే నా మాట.

ఇక తేదీలు. కార్డు మీద రెండుంటాయి. ఒకటి నాన్-ట్రాన్స్‌పోర్టు, రెండోది ట్రాన్స్‌పోర్టు. మొదటిది వయసును బట్టి నడుస్తుంది. 2019 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం 30 ఏళ్లలోపువాళ్లకి 40 నిండేదాకా, 30 నుంచి 50 లోపువాళ్లకి పదేళ్లు, 50 నుంచి 55 లోపువాళ్లకి 60 నిండేదాకా, ఆ పైన ఐదేళ్ల చొప్పున ఇస్తారు. ట్రాన్స్‌పోర్టుది వయసుతో పని లేకుండా ఐదేళ్లు. 2019కి ముందు మూడేళ్లే ఉండేది. మాలో చాలామంది టిప్పర్ కూడా నడుపుతారు కాబట్టి వాళ్లకి రెండూ ముఖ్యమే. కార్డు తీసి చూసినప్పుడు కంటికి ముందు ఆనేది దూరంగా ఉన్న తేదీ. అది చూసుకుని ఇంకా బోలెడు టైముందని జేబులో పెట్టేస్తారు. నాతో పనిచేసిన ఒక కుర్రాడికి జేసీబీ తేదీ చాలా ఏళ్లు ఉంది, టిప్పర్ తేదీ ఎప్పుడో దాటిపోయింది. రోజూ ఇటుకబట్టీలకి మట్టి తోలుతున్నాడు. ఎవరూ ఆపలేదు కాబట్టి అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకున్నాడు.

గడువు విషయంలో 2019లో వచ్చిన ఇంకో మార్పు మావాళ్లకి ఇప్పటికీ ఎక్కలేదు. పాత చట్టంలో గడువు అయిపోయాక 30 రోజులు వెసులుబాటు ఉండేది, ఆ నెల రోజులూ లైసెన్సు చెల్లేది. దాన్ని తీసేశారు. ఇప్పుడు తేదీ అయిపోయిన మర్నాటి నుంచే కార్డు చెల్లదు. దొరికితే చట్టంలో నడిపినవాడికి ₹5000 జరిమానా రాసి ఉంది, నడపనిచ్చిన ఓనరుకి విడిగా మరో ₹5000. తీసేసిన ఆ వెసులుబాటుకి బదులుగా మంచి సదుపాయం ఒకటి ఇచ్చారు. గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. అంటే మే నెలలో గడువున్నవాడు అంతకుముందు వానాకాలంలో మిషన్లు ఆగిన రోజుల్లోనే తీరిగ్గా చేసుకోవచ్చు. మాకు ఇంతకన్నా అనువైన నియమం ఇంకోటి లేదు. దీన్ని వాడుకునేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

గడువు దాటాక కూడా ఏడాది వరకు అదనపు రుసుముతో, టెస్టు లేకుండా రెన్యువల్ అవుతుంది. ఏడాది దాటితే మళ్లీ టెస్టు పెట్టాకే ఇస్తారు. 2019కి ముందు దీనికి ఐదేళ్లుండేది. కారు వాడికి టెస్టంటే ఒక పూట పని. మాకు అలా కుదరదు. ఏ తరగతి లైసెన్సు అడుగుతున్నామో ఆ బండి మీదే టెస్టు చెయ్యాలని చట్టం. అంటే జేసీబీని ఆఫీసు ట్రాక్ దాకా తీసుకెళ్లాలి. ఏ ఓనరు పంపుతాడు? గంటకి వెయ్యి పైన బాడుగ వచ్చే బండి అది. రాను పోను దారిలో డీజిలు, ట్రాక్ దగ్గర నిరీక్షణ, ఆ రోజు ఒప్పుకున్న పని పోవడం. పైగా లైసెన్సు లేనివాడు దాన్ని నడుపుకుంటూ వెళ్లకూడదు కాబట్టి తోడు ఇంకో ఆపరేటర్. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి ముందు లోడర్ ఎత్తి దించడం మాకు కష్టం కాదు, బండి దొరకడమే కష్టం. ఎన్నో ఏళ్లు పనిచేసిన మంచి ఆపరేటర్లు ఇక్కడే ఆగిపోయి, లైసెన్సు లేకుండానే మిగిలిన జీవితం గడిపేస్తున్నారు. ఏదైనా జరిగినప్పుడు మొదట బలయ్యేది వాళ్లే.

ఏదైనా జరిగితే అంటే ఏమిటో కూడా చెప్పాలి. రోడ్డు మీద ప్రమాదం జరిగి మనిషి పోతే కేసు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళుతుంది. ఇన్సూరెన్సు వాళ్లు మొట్టమొదట చూసేది ఆ రోజున ఆపరేటర్ లైసెన్సు చెల్లుతోందా, అందులో ఆ బండి తరగతి ఉందా అన్నది. లేకపోతే ముందు బాధితులకి కట్టి, ఆ సొమ్ము ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పే పద్ధతి ఉంది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ దారిని ఖాయం చేసింది. బాధితుల కుటుంబానికి అది న్యాయమే. కానీ లక్షలు కట్టాల్సి వచ్చిన ఓనరు ఎవరి మీద పడతాడు? ఊళ్లో ఆ ఆపరేటర్‌కి ఉన్న అరెకరమో ఇంటి స్థలమో అప్పుడు గుర్తొస్తుంది. కాగితంలో లేని ఒప్పందాలు అలాంటప్పుడు పుట్టుకొస్తాయి.

ఫోన్‌లో రెన్యువల్ ఎలా చేస్తామో చెబుతాను. చేసేవాడికి ముందుగా కావలసింది ఫోన్ నంబరు. మావాళ్లకి ఇదే పెద్ద చిక్కు. ఆఫర్ వచ్చినప్పుడల్లా సిమ్ మారుస్తారు. ఒడిశాలో పని చేస్తే అక్కడి సిమ్, కర్ణాటకకి వెళితే అక్కడిది. లైసెన్సు తీసుకున్నప్పుడు ఇచ్చిన నంబరు ఎప్పుడో పోయి ఉంటుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, చాలామంది లైసెన్సు రికార్డులో ఉన్నది వాళ్ల నంబరే కాదు, అప్పట్లో పని చేసిపెట్టిన నెట్ సెంటర్ అతనిదో మధ్యవర్తిదో ఉంటుంది. ఓటీపీ అక్కడికి పోతుంది. తన లైసెన్సు తను తెరుచుకోవాలంటే ఇంకొకరిని బతిమాలాలి, వాళ్లడిగినంత ఇవ్వాలి. కాబట్టి రెన్యువల్ మాట తర్వాత, ముందు రికార్డులో నంబరు మార్పించుకోండని చెబుతాను. పరివాహన్ సైట్లోనే నంబరు మార్చుకునే వీలుంది. ఆధార్‌కి కూడా అదే నంబరు ఉంటే పని నున్నగా సాగుతుంది. 2021 మార్చిలో కేంద్రం ఆధార్ ధ్రువీకరణతో ఆఫీసుకి రానక్కర్లేని 18 సేవల్ని ప్రకటించింది. టెస్టు అవసరం లేని లైసెన్సు రెన్యువల్ అందులో ఉంది.

సైటు parivahan అని ఫోన్‌లో వెతికితే వచ్చేవాటిలో దొంగ సైట్లు కూడా ఉంటాయి. చివర జీవోవీ డాట్ ఇన్ ఉన్నదే అసలుది. వాట్సాప్‌లో ఆర్టీవో పేరుతో, చలానా పేరుతో వచ్చే ఫైళ్లు తెరిచి బ్యాంకు ఖాతా ఖాళీ అయిన సంగతులు పేపర్లో చదువుతూనే ఉన్నాం. అలాంటి ఫైలు ఎవరు పంపినా ముట్టుకోవద్దు. అసలు సైట్లో డ్రైవింగ్ లైసెన్సు సేవలు, రాష్ట్రం పేరు, లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇస్తే మన వివరాలు తెర మీదకి వస్తాయి. వచ్చిన పేరు, తండ్రి పేరు, తరగతులు అన్నీ ఒకసారి నింపాదిగా చదవాలి. తర్వాత రెన్యువల్ ఎంచుకుని ఆరోగ్యం గురించి మనమే ఇచ్చే ప్రకటన నింపాలి. ఫొటో, సంతకం, అవసరమైనవాళ్లు డాక్టరు సర్టిఫికెట్ ఎక్కించాలి. ఫొటో, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఇంట్లో చదువుకునే పిల్లలున్నవాళ్లు వాళ్లని అడగండి, ఒక్క నిమిషంలో తగ్గించి ఇస్తారు. ఆఫీసుకి రమ్మని చూపిస్తే స్లాట్ మనకి వీలైన రోజున పెట్టుకోవాలి.

కేంద్ర నిబంధనల్లో రెన్యువల్ రుసుము ₹200, స్మార్ట్ కార్డుకి ₹200. పైన రాష్ట్రం సేవా రుసుము ఉంటుంది. ఆలస్యం ముదిరితే ఏడాదికి ₹1000 చొప్పున పడుతుంది. ఈ అంకెలు ప్రతి ఆపరేటర్ నోటికి రావాలని నా కోరిక. ఎంత కట్టాలో తెలిసినవాడి దగ్గర ఎవరూ నాలుగింతలు అడగలేరు. డబ్బు కట్టేటప్పుడు చెరువు గట్ల మీద సిగ్నల్ పోయి, ఖాతాలో డబ్బు తెగి, రసీదు రాకుండా ఆగిపోవడం మామూలే. కంగారుపడి మళ్లీ కట్టకూడదు. చెల్లింపు స్థితి సరిచూసే మీట అక్కడే ఉంటుంది, దరఖాస్తు నంబరు కొట్టి కాసేపాగి చూస్తే చాలాసార్లు రసీదు వచ్చేస్తుంది. ఆ దరఖాస్తు నంబరు మాత్రం కాగితం మీద రాసుకోవాలి. ఫోన్ నీళ్లలో పడని ఆపరేటర్ మా చెరువుల్లో అరుదు.

డాక్టరు సర్టిఫికెట్ దగ్గర నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను. ట్రాన్స్‌పోర్టు ఉన్నవాళ్లకీ, 40 దాటినవాళ్లకీ ఫారం 1ఏ కావాలి. అందులో అడిగేవి చూస్తే మన పని ఎరిగినవాడే రాశాడనిపిస్తుంది. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి నంబరు ప్లేటు పోల్చుకోగలడా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తోందా, రేచీకటి ఉందా, మామూలు హారన్ వినపడకుండా చేసేంత చెవుడు ఉందా, చేతులూ కాళ్లూ సరిగా ఆడుతున్నాయా. నన్ను పనిలో పెట్టి నేర్పిన బాబాయ్ ఒకాయన ఉండేవాడు. సొంత బాబాయ్ కాదు, మా వీధే. లాంగ్ బూమ్ మీద ఆయన చెయ్యి పడితే గట్టు వాలు దారం పట్టినట్టు వచ్చేది. వయసు పైబడ్డాక రాత్రిపూట పని తప్పించుకోవడం మొదలుపెట్టాడు. ఏంటి బాబాయ్ అంటే "నిద్ర ఆగట్లేదురా" అనేవాడు. ఆయన సర్టిఫికెట్ మాత్రం ఎప్పుడూ వచ్చేది, మనిషిని చూడకుండానే, ఫారం మీద సంతకం, సీలు. ఒక రోజు సాయంత్రం వెలుగు తగ్గే వేళ బకెట్ తిప్పుతుంటే కింద హెల్పర్ కుర్రాడు గొలుసు పట్టుకుని ఉన్నాడు. వాడు కేకేసి పక్కకి దూకాడు కాబట్టి బతికాడు. బాబాయ్ ఇంజిన్ ఆపి దిగి, గట్టు మీద కూర్చుండిపోయాడు. తర్వాత కళ్లు చూపిస్తే రెండు కళ్లకీ శుక్లాలు. ఆపరేషన్ చేయించుకుని అద్దాలతో మళ్లీ చాలాకాలం పనిచేశాడు. ఫారంలో అద్దాలతో చూపు సరిపోతుందా అనే ప్రశ్న కూడా ఉంది, సరిపోతే లైసెన్సు ఆపరు. నిజంగా పరీక్ష చేసే డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే ఆ సంగతి ఎప్పుడో బయటపడేది.

పొద్దస్తమానం ఇంజిన్ చప్పుడులో, దుమ్ములో కూర్చునే మనకి కన్నూ చెవీ ముందు దెబ్బతింటాయి. ఓనరు మన ఆరోగ్యం చూపించడు. పెద్ద గనుల్లో చట్టప్రకారం అప్పుడప్పుడు వైద్యపరీక్ష ఉంటుంది, చెరువుల మీద ఆ మాటే లేదు. కనీసం లైసెన్సు కోసం వెళ్లినప్పుడైనా ఆ పరీక్ష మన కోసమే అనుకుని చేయించుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో కంటి డాక్టరు దగ్గర చీటీ రాయించుకుంటే పూట పడుతుంది. ఆ పూట పోతే పోయింది.

ఆన్‌లైన్ అందరికీ ఒకేలా పనిచెయ్యదన్నది కూడా నిజం. పాత పుస్తకం లైసెన్సులు, చేత్తో రాసిన కాగితం లైసెన్సులు ఉన్న పెద్దవాళ్లు నంబరు కొడితే వివరాలు లేవని వస్తుంది. వాళ్ల రికార్డు కంప్యూటర్లోకి ఎక్కలేదని అర్థం. అది ఫోన్‌లో తేలే పని కాదు. అసలు పుస్తకం, ఆధార్ పట్టుకుని లైసెన్సు ఇచ్చిన ఆఫీసుకే వెళ్లి పాత రికార్డు ఎక్కించమని అడగాలి. ఊరు వదిలి ఎక్కడో ఉంటున్నవాళ్లకి ఇది భారమే, కానీ ఒక్కసారి ఎక్కిందంటే ఇక జన్మలో ఆ బాధ ఉండదు. ఆ తర్వాత రెన్యువల్ ఏ లైసెన్సింగ్ అధికారి దగ్గరైనా పెట్టుకోవచ్చని చట్టంలోనే ఉంది. బళ్లారి వైపో ఒడిశా గనుల్లోనో పనిచేసే మనవాళ్లు, ఇక్కడికి బీహారు, జార్ఖండ్ నుంచి వచ్చి మన చెరువులు తవ్వుతున్న కుర్రాళ్లు సెలవు పెట్టి సొంతూరు పరుగెత్తనక్కర్లేదు.

కరోనా అప్పటి గందరగోళం కూడా కొందరిని ఇంకా వెంటాడుతోంది. 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన లైసెన్సుల్ని చెల్లుబాటుగానే చూడమని కేంద్రం చెప్పింది, మళ్లీ మళ్లీ పొడిగిస్తూ 2021 అక్టోబరు 31 దాకా తెచ్చింది. అక్కడితో ఆపేసింది. పొడిగించారన్న వార్త అందరికీ చేరింది, ఆగిందన్న వార్త అంతగా చేరలేదు. అప్పుడు మిషన్లు ఆగి ఊళ్లకి వెళ్లిపోయి, తిరిగొచ్చాక కార్డు సంగతి వదిలేసినవాళ్లలో చాలామందికి టెస్టు తప్పలేదు.

చదువు గురించిన భయం మాత్రం ఇక అక్కర్లేదు. ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకి ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధన 2019లో ఎత్తేశారు. దాని కోసం ఎక్కడెక్కడి సర్టిఫికెట్లో కొనుక్కొచ్చిన రోజులున్నాయి. ఇప్పుడు హెల్పర్‌గా గ్రీజు గన్ను పట్టుకున్న కుర్రాడు బడి మధ్యలో మానేసినా దర్జాగా తన పేరుతో లైసెన్సు తెచ్చుకోవచ్చు. హైదరాబాదులో 1998 నుంచి నడుస్తున్న నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లాంటి చోట్ల యంత్రాల మీద శిక్షణ కూడా ఇస్తారు. మా కాలంలో ఆపరేటర్ అన్నం తినడానికి దిగినప్పుడు ఎక్కి లివర్లు కదపడమే శిక్షణ. నా దగ్గరకొచ్చే హెల్పర్లకి మిషన్ ఇచ్చే ముందు ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తెచ్చుకోమంటాను. ఫోన్‌లో వాళ్ల చేతే నింపిస్తాను, నంబరు వాళ్లదే పెట్టిస్తాను.

కొత్త కార్డు వచ్చాక అందరూ చూసేది ఫొటో. దానికన్నా ముందు వెనకాల ఉన్న తరగతులు పాత కార్డుతో పోల్చాలి. రికార్డు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారినప్పుడు లోడర్ తరగతి జారిపోయి, కారూ బైకూ మాత్రమే మిగిలిన కార్డులు నేను చూశాను. అందుకని రెన్యువల్‌కి పెట్టే ముందే పాత కార్డు రెండు వైపులా ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి కూడా పంపి ఉంచాలి. తరగతి కనపడకపోతే ఆ ఫొటో జతచేసి వెంటనే ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. అన్నీ సరిగ్గా ఉంటే డిజిలాకర్‌లోకి తెచ్చుకోండి, తనిఖీలో అది అసలు కార్డుతో సమానంగా చెల్లుతుంది. ఆ తర్వాత రెండు తేదీల్లో ఏది ముందొస్తే దానికంటే ముందు పడే ఆగస్టు నెలలో ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అప్పటికి కాలువల నిండా నీళ్లుంటాయి, మిషన్లు షెడ్డులో ఉంటాయి, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మనకి తీరిక ఉంటుంది.